డాంబర్ పట్ట కింది దర్వాజ

ఆ వానకాలం రాధమ్మకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. మొగుడు ఇంటికొచ్చి పడుకోవాలి. అంతకు మించి ఏ దేవుడినీ ఏమీ అడగలేదు.

అట్లని ఆయన ఏ దూరదేశమో పట్టిపోలేదు. ఇబ్రహీంపట్నం దాటి మట్టితొవ్వలోకి దిగితే వాళ్ళ జామతోట వస్తుంది. తోటలో కొట్టం, కొట్టంలో నులక మంచం, మంచం మీద శ్రీపాల్. ఇంట్లో పొయ్యి మీద చాయ పెట్టి వెళ్ళి కేకేసి వస్తే పొంగేలోపల తిరిగి రావచ్చు, అంత దగ్గర. ఆ దగ్గరే ఆయనకు రాను రాను దూరమైపోయింది. ఎండాకాలంలో మధ్యాహ్నం కునుకు అక్కడ చల్లగా ఉందన్నాడు. తర్వాత రాత్రి నిద్ర కూడా అక్కడే అన్నాడు. మృగశిర వచ్చేసరికి అన్నం డబ్బాలో పంపించమన్నాడు. పంపిన డబ్బా సగం నిండుగానే తిరిగొచ్చేది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టు వేలాడిపోతున్నాడు. చేయి పట్టుకుంటే మిట్టమధ్యాహ్నం కూడా కుండలో నీళ్ళలా చల్లగా తగిలేది.

ఎందుకయ్యా అంటే జవాబు మాత్రం నాలుక మీదే సిద్ధంగా ఉండేది.

"కొట్టం కురుస్తున్నది. మోటర్ స్టార్టర్ తడుస్తది, యూరియా బస్తాలు తడుస్తయి. గిన్నెలు పెట్టి ఎత్తిపోస్తున్న. నేనొస్తే ఎవరు ఎత్తిపోయాలె, నువ్వొస్తవా?"

అది అబద్ధమూ కాదు. కొట్టం కురుస్తున్నది నిజమే.

ఆ కొట్టం కప్పు కథ ఒకటి ఉంది. అది రేకులదీ కాదు, కమ్మలదీ కాదు. సాగర్ రోడ్డు వెడల్పు చేసినప్పుడు రోడ్డు వారగా ఉన్న వాళ్ళ పాత ఇల్లు పోయింది. ఆ ఇంటి కట్టెనంతా, దూలాలూ చెక్కలూ చివరికి వాకిలి దర్వాజతో సహా, ట్రాక్టర్‌లో తోటకు తోలించి, శ్రీపాల్ ఇటుక గోడలు లేపి దాంతోనే కొట్టానికి కప్పు వేశాడు. దర్వాజ అంటే ఉత్త తలుపులు కాదు. వేప కట్టె చౌకట్టు, కింద గడప, రెండు రెక్కల తలుపు, అన్నీ కలిపి నలుగురు మోసేంత బరువు. విప్పితే పాడవుతుందని దాన్ని ఉన్నదున్నట్టే దూలాల మీద పడుకోబెట్టి కప్పులో కలిపేశాడు. అందుకే కొట్టంలో మంచమెక్కి పైకి చూస్తే నడిమధ్యన తలుపు కనబడుతుంది, లోపలివైపు గడియతో సహా.

కోడలు అంకిత కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అది చూసి పడీ పడీ నవ్వింది. "మామయ్యా, వానదేవుడు ఎప్పుడన్న వస్తే తలుపు కొట్టి రావచ్చని పెట్టినవా?" అంది. శ్రీపాల్ నవ్వలేదు. దేనికైనా ముందు నవ్వే మనిషి, దానికి మాత్రం నవ్వలేదు.

రాధమ్మకు ఆ గడియ చూస్తే అత్త నర్సమ్మ గుర్తుకొచ్చేది. నర్సమ్మ బతికున్నంత కాలం రోజూ పొద్దుగూకినాక ఇంట్లోకి అందరూ వచ్చారా లేదా అని తల తల లెక్క చూసుకుని, ఆఖరున తాను వచ్చి గడియ వేసేది. వేసి ఊరుకునేది కాదు. గాలికి గడియ గలగలలాడుతుందని చీపురు నుంచి ఒక పుల్ల తుంచి ఆ గడియ సందులో దోపేది. కొత్త చీపురు నెల తిరగకుండా బోడిదైపోయేది. "అత్తమ్మా, ఇంట్ల చీపురు తెచ్చింది గడియకా, నేల ఊడ్సనీకా?" అని రాధమ్మ పోట్లాడితే, "నువ్వు పండుకో పిల్లా" అనేది. కోడలికి తల నెరిసినా అత్త నోట్లో పిల్లానే.

సరే, కప్పు సంగతి కదా. చెక్కల మీద డాంబర్ పట్ట పరిచారు. మందపు గుడ్డకు డాంబర్ పట్టించి, మీద ఇసుక చల్లి, చాపల్లా చుట్టలు చుట్టి అమ్ముతారు. దాన్ని చెక్కల మీద పరిచి, రేకు బిళ్ళలున్న మేకులు కొట్టి, అంచులకు కాచిన డాంబర్ పూస్తే చుక్క దిగదు. ఊళ్ళో అందరికీ ఏళ్ళకేళ్ళు వస్తుంది. వీళ్ళకు మాత్రం ఒక్క వానకాలం కూడా ఆగదు. అదైనా అంతటా కాదు. ఆ దర్వాజ ఉన్నంత మేర, సరిగ్గా తలుపు రెక్కలు కలిసే చోట, పట్ట ఉబ్బి ఉబ్బి, మేకులు లేచి, నిలువునా చిరుగుతుంది. పైనుంచి కొమ్మో రాయో పడితే పట్ట లోపలికి నొక్కుకుపోవాలి. ఇది పైకి లేచి చిరిగేది. దుప్పటి కింద పడుకున్న మనిషి మోకాలు లేపినట్టు.

పట్టలమ్మే సైదులును అడిగితే, "ఆవిరక్కా. పాత పట్ట తియ్యకుండ కొత్తది మీద మీద కొడుతున్నడు మీ ఆయన. కింద చెమ్మ ఎటు పోవాలె? మొత్తం పీకి, కట్టె ఆరనిచ్చి, కింది అంచు నుంచి పైకి వేసుకుంట రాండ్రి. అప్పుడు ఉబ్బుతే నన్నడుగు" అన్నాడు.

రాధమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ చిన్న పనికా మనిషి ఇంటికి దూరమైంది అనుకుంది. పట్టల చుట్టలు, డాంబర్ డబ్బా ఆటోలో వేసుకుని నేరుగా తోటకే పోయింది.

శ్రీపాల్ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చుట్టూ గిన్నెలు, తపేలాలు, ఒక బొచ్చె. అన్నింట్లో నీళ్ళు.

"పాతదంత పీకి కొత్త పట్ట వేస్తే కురవదట. కురవకుంటే ఇంటికొస్తవా?"

 ఆయన పైకి, తలుపు వైపు చూశాడు. పెద్దవాళ్ళను అడిగి చెప్తానన్నట్టు ఉంది ఆ చూపు.

"ఎవర్ని చూస్తున్నవ్?"

"ఎవర్ని చూస్త. వస్త తియ్యి. కురవకుంటే వస్త."

"ఒట్టు?"

"ఒట్టేందే, చిన్నపిల్లలోలె. వస్తనన్న గద."

"అయితే రేపు పొద్దున ఎక్కుదాం."

"నేనెక్క."

"మోకాళ్ళ నొప్పులా?"

"మోకాళ్ళు మంచిగనే ఉన్నయ్. చెయ్యి రాదు నాకు. ఆ పట్ట పీకనీకె నా చెయ్యి రాదు. నువ్వు పీకితే పీకు."

అదేం మాటో రాధమ్మకు అర్థం కాలేదు. అయినా వస్తానన్నాడు కదా, అది చాలనుకుంది. ఇంటికి పోగానే ఆ రాత్రికే ఆయన మంచానికి ఉతికిన దుప్పటి తీసి పెట్టింది.

తెల్లారి అత్తాకోడళ్ళిద్దరే పనికి దిగారు. కొడుకు వికాస్‌కు శేరిగూడలో కాలేజీ ఆఫీసు ఉద్యోగం, సెలవు దొరకలేదు. మబ్బు కమ్ముకుని గాలి ఆగిపోయి ఉంది. తోటలో జామకాయలు కొరికే చిలకలు కూడా ఎక్కడికో పోయాయి. కొట్టానికి దూరంగా మూడు రాళ్ళ మీద డాంబర్ డబ్బా పెట్టి అంకిత పొయ్యి రాజేసింది. రాధమ్మ చీర కొంగు నడుముకు దోపి, కొక్కెం సుత్తె పట్టుకుని నిచ్చెన ఎక్కింది.

"అత్తమ్మా, జారకు! నీ నడుమిరిగితే వంట నేను చెయ్యాలె. నా వంట తింటే మీ కొడుకు కూడ తోటలనే పండుకుంటడు!"

"నువ్వు డాంబర్ కలుపు ముందు. వంట సంగతి వాడు పెళ్ళైన తెల్లారే చెప్పిండు నాకు."

నవ్వుకుంటూనే పని మొదలైంది. కింద కొట్టం తలుపు దగ్గరగా వేసి ఉంది. శ్రీపాల్ ఇంకా లేవలేదేమో అనుకుని రాధమ్మ పైనుంచి కేకేసింది.

"ఏమయ్యా, లోపలనే ఉన్నవా? నెత్తి మీద మట్టి రాలుతది, ముసుగు కప్పుకో."

"ఊఁ" అని లోపలి నుంచి వినబడింది.

కింది అంచు నుంచి పీకుతూ వచ్చింది. ఒక పట్ట కింద ఇంకో పట్ట, దాని కింద మరొకటి. ఉల్లిగడ్డ పొరలు ఒలిచినట్టు ఒలుస్తూ పోతోంది. ప్రతి పొరా ఆ నడిమధ్యనే చిరిగి ఉంది, ఒకే తీరుగా. మాట్లాడకుండా పని చేయడం రాధమ్మ వల్ల కాదు. అందుకని కప్పు మీద నుంచే మొగుడితో ముచ్చట పెట్టింది. వికాస్ బండి మార్చుతానంటున్న సంగతి, మహేశ్వరంలో ఆడపడుచు వాళ్ళ పొలం పక్కన ప్లాట్ల వెంచర్ పడిన సంగతి, అన్నీ చెప్పుకొచ్చింది. చెప్పిన దానికల్లా కింది నుంచి "ఊఁ" అంటూనే ఉన్నాడు. ఎన్నాళ్ళయింది ఈ మనిషి ఇట్లా ఓపికగా వినక అని రాధమ్మకు సంతోషం కూడా కలిగింది.

అంకిత పొయ్యి దగ్గర నుంచి లేచి, "డాంబర్ ఇంక కాగాలె. ఇంటికి పోయి చాయ పట్టుకొస్త అత్తమ్మా, దిగకు" అని వెళ్ళిపోయింది.

ఇక దర్వాజ మీది ఆఖరి పొర పట్ట మిగిలింది. రాధమ్మ దాని మొదటి మేకు పీకింది. అది పీకడానికి బలం కూడా పట్టలేదు. కొక్కెం తగిలించగానే దానంతట అదే పైకి వచ్చినట్టు వచ్చింది. పక్క మేకు మీద సుత్తె పెట్టబోతే, సరిగ్గా ఆ మేకు కింద, చెక్క మీద, టక్కుమని తట్టిన చప్పుడు. ఇంకో మేకు దగ్గరికి జరిగితే ఇంకో టక్కు. తానెక్కడ చెయ్యి పెడితే అక్కడ, కింది నుంచి.

"ఏమయ్యా, నువ్వు చూపిస్తున్నవా? మంచమెక్కి నిలబడ్డవా ఏంది, పడుతవ్!"

"నిదానం పిల్లా" అని వినబడింది.

రాధమ్మ నవ్వింది. అత్తను ఎక్కిరిస్తున్నాడు అనుకుంది. అనుకుని పట్ట చివర రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. బరబరమని లేచొచ్చింది.

నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఏళ్ళ తరబడి డాంబర్ కింద ఉన్న తలుపు అది. నల్లగా మాడి, చెమ్మకు బూజు పట్టి ఉండాలి. కాని చౌకట్టు మీద పసుపు నిన్న రాసినట్టు పచ్చగా ఉంది. కుంకుమ బొట్లు తడి ఆరనట్టు ఉన్నాయి. తలుపు రెక్కల మీది గొలుసు పై చౌకట్టు కొండికి తగిలించే ఉంది. ఆ గొలుసుకు తెల్ల దారంతో కట్టిన తుమ్మకంప. కంప కొసన చిన్న చిన్న ఆకులు, ఇంకా పచ్చివే.

రాధమ్మ అక్కడే కూలబడింది. ఆ కంప కట్టిన చేతులు ఆమెవే.

నర్సమ్మ పోయినప్పుడు శ్రీపాల్ ఊళ్ళో లేడు. బత్తాయిల లోడుతో లారీ మీద నాగపూర్ పోయి ఉన్నాడు. చెడ్డ నక్షత్రంలో పోయింది, ఆరు నెలలు ఇల్లు విడవాలని అయ్యగారు చెప్పాడు. ఆ పద్ధతి ఆ ఊళ్ళల్లో అందరికీ తెలిసిందే. ఇంట్లో వాళ్ళంతా బయటికి వచ్చి, వాకిలికి గొలుసు పెట్టి, కంప కట్టి, గడువు తీరేదాకా ఎవరూ ఆ గడప తొక్కరు. గడువు తీరినాక పెద్ద కోడలే పోవాలి. బయటి నుంచి గొలుసు తీసి, పోయిన మనిషిని పేరు పెట్టి పిలిచి, నీ తొవ్వన నువ్వు పో, మా ఇల్లు మాకు విడువు అని చెప్పి, దీపమూ నీళ్ళ చెంబూ పట్టుకుని ముందు తానే లోపలికి అడుగు పెట్టాలి. శ్రీపాల్ ఊరికి వచ్చేసరికి అమ్మా లేదు, ఇంటికి గొలుసు పడి ఉంది. వాకిట్లో నిలబడి ఆ తలుపును చూసుకుంటూ ఏడ్చాడు. గడువు తీరకముందే రోడ్డు వచ్చింది. మేస్త్రీలు దర్వాజను పెట్టిన గొలుసుతో పెట్టినట్టే గోడలోంచి తవ్వి తీశారు. ఆ తర్వాత గడువు నాటికి, ఇల్లే పోయినంక ఇంకేం తెరుస్తం అన్నారు అందరూ. రాధమ్మా అదే అన్నది. ఎవరికీ తప్పనిపించలేదు.

ఇప్పుడు ఆ తలుపు బయటి ముఖం ఆకాశం వైపు ఉంది. గొలుసు ఇటువైపు ఉంది. అంటే కొట్టంలో ఉన్న మనిషి తలుపుకు లోపల ఉన్నట్టు. ఇన్ని రోజులుగా శ్రీపాల్ పడుకుంటున్నది కొట్టంలో కాదు. గొలుసు పెట్టిన ఆ ఇంట్లో.

"ఏమయ్యా" అంది.  "ఏమయ్యా, నువ్వు బయటికి రా. తొందరగ రా."

 తలుపు రెక్కలు కొంచెం పైకి లేచాయి. గొలుసు గలగలమని, మళ్ళీ బిగుసుకుంది.

"గొలుసు తియ్యి పిల్లా. ఇంక ఎన్ని దినాలు?"

గొంతు శ్రీపాల్‌దిలాగే ఉంది. తల్లీ కొడుకుల గొంతులో ఒకే జీర ఉండేది మొదటి నుంచీ.

రాధమ్మ తల తిప్పింది. జామచెట్ల మధ్య నుంచి అంకిత చాయ ఫ్లాస్కు పట్టుకుని వస్తోంది. ఆ పిల్ల వెనక, మోకాళ్ళ దాకా బురదతో, భుజం మీద పైపులు విప్పే పానతో, శ్రీపాల్.

"ఎక్కడికి పోయినవ్?" అని అరిచింది రాధమ్మ.

"బోరు కాడికి. వాల్వు లీకైతున్నది. చీకటి విడువక ముందే పోయిన."

"మరి నాతోని ఇంతసేపు..."

మాట పూర్తి కాలేదు. శ్రీపాల్ ఒలిచిన కప్పు చూశాడు. భుజం మీది పాన కిందపడేసి పరుగెత్తుకొచ్చి నిచ్చెన మొదట్లో నిలబడ్డాడు. అంకిత కొట్టం తలుపు నెట్టి లోపలికి తొంగి చూసి, వెంటనే వెనక్కి వచ్చేసింది. 

"లోపల ఎవరు లేరత్తమ్మా" అంది చిన్నగా. "కాని మంచం... నులక కిందికి కుంగి ఉన్నది. ఎవరో పండుకున్నట్టు."

"నీకు ముందే ఎరుకనా?" రాధమ్మ మొగుణ్ణి అడిగింది.

శ్రీపాల్ తల దించుకున్నాడు. "ఎండాకాలంల ఓనాడు పండుకుంటే పైనుంచి, గా చిరుగుల కెల్లి ఇనబడ్డది. శ్రీపాలూ, తిన్నవా అని. అంతే. గంతకన్న ఏం అనలే. మల్ల తెల్లారి అదే. నేనొస్తే ఒక్కతే అయితదని..."

"గొలుసు తీస్త నేను."

"తియ్యకు!" ఆయన నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు. "తీస్తే పోతది. నేను అప్పుడు ఆఖరి చూపు కూడ చూసుకోలే. ఒక్క మాట మాట్లాడలే. ఉండనీ రాధా."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. రాధమ్మ ఆ చిక్కిన ముఖాన్ని, లోపలికి పోయిన కళ్ళను చూసింది.

"తియ్యకుంటే నువ్వు పోతవ్" అంది. "సగం పోయినవ్ ఇప్పటికే. నీ చెయ్యి నువ్వు పట్టుకుని చూసుకున్నవా ఎప్పుడన్న?"

 ఆయన నిచ్చెనను మెల్లగా వదిలేశాడు.

"అంకితా, స్టార్టర్ పక్కన దీపముంటది. చెంబుల నీళ్ళు కూడ పట్టు. బయటనే నిలబడి చెయ్యి పెట్టి తీసుకో, లోపలికి అడుగు పెట్టకు."

అంకిత తెచ్చి అందించింది. ఎక్కడో చెరువు వైపు ఉరిమింది. రాధమ్మ దీపం వెలిగించి గడప పక్కన పెట్టి, కంప దారం తెంపి, గొలుసు మీద చెయ్యి వేసింది. కదల్లేదు. రెక్కలు లోపలికి తెరుచుకునేవి. ఇన్నేళ్ళుగా వాటి బరువంతా ఆ గొలుసే మోస్తోంది. అది రాయిలా బిగుసుకుపోయి ఉంది. బలమంతా పెట్టినా రాలేదు. కొక్కెంతో లాగినా రాలేదు.

ఆఖరుకు ఏం తోచక, ఎప్పుడో పొయ్యి మీది పెద్ద గుండిగ దించేటప్పుడు అడిగినట్టు అడిగేసింది.

"జర ఎత్తు అత్తమ్మా."

రెక్కలు లేచాయి. మెత్తగా, ఇంత ఎత్తు. గొలుసు వదులై రాధమ్మ చేతిలోకి వచ్చేసింది.

వదిలితే అంత బరువు రెక్కలు ధభేల్మని పడాలి. పడలేదు. అటొకటి, ఇటొకటి, ఎవరో పట్టుకుని దించినట్టు నెమ్మదిగా కిందికి తెరుచుకున్నాయి. లోపలి నుంచి పాత ఇంటి వాసన గుప్పుమంది. పిడకల పొగ, పులిసిన మజ్జిగ, నర్సమ్మ నోట్లో పొగాకు. కొట్టంలో యూరియా వాసన ఒక్క ఇసుమంత కూడా లేదు.

"నర్సమ్మా" అని పిలిచింది రాధమ్మ. పేరు పెట్టి పిలవాలి కాబట్టి పిలిచింది. అత్తను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఇక మిగిలిన మాటలు చెప్పాలి. నీ తొవ్వన నువ్వు పో, మా ఇల్లు మాకు విడువు. నోటి దాకా వచ్చాయి. ఒక్కసారి కిందికి చూసింది. కొట్టం గుమ్మంలో శ్రీపాల్ నిలబడి ఉన్నాడు. నెరిసిన తల, బురద కాళ్ళు. బడి నుంచి వచ్చి ఇంటికి తాళం చూసిన పిల్లవాడిలా ఉంది ముఖం.

రాధమ్మకు ఆ మాటలు రాలేదు.

"ఇంటికి పోదాం పా అత్తమ్మా" అంది.

నులక మంచం కిర్రుమంది. కుంగిన నులక మెల్లమెల్లగా పైకి లేచి సమానమైంది.

నిచ్చెన పైకి అందించమని చెప్పి, తెరిచిన తలుపులోంచి లోపలికి దించుకుని, దీపమూ చెంబూ పట్టుకుని, ఆకాశం వైపున్న గడప దాటి రాధమ్మ ముందుగా దిగింది. నీళ్ళు చల్లింది. కొట్టం గుమ్మంలోంచి బయటికి నడిచింది. వెనక్కి తిరగలేదు. ఒక్క క్షణం తర్వాత శ్రీపాల్ ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకు జరిగాడు. అప్పుడే వాన మొదలైంది. స్టార్టర్ మీద, బస్తాల మీద నీలం కవర్ కప్పి ముగ్గురూ ఇంటి దారి పట్టారు. రమ్మని ఎవరూ అడగలేదు. శ్రీపాల్ తనంతట తానే వచ్చాడు. దారి పొడుగునా తల పక్కకు వంచి, చిన్న చిన్న అడుగులు వేస్తూ, ముసలివాళ్ళతో నడిచినట్టు నడిచాడు.

ఇంటికి వచ్చి అందరూ తల తుడుచుకున్నారు. రాధమ్మ తలుపు వేయబోయింది.

"ఆగు" అన్నాడు శ్రీపాల్. "జరసేపు ఉండనీ."

తలుపు పట్టుకుని నిలబడింది. వాన జల్లు గడప మీద పడుతోంది. ఆమె మణికట్టుకు తడిసిన చీర అంచు లాంటిదేదో చల్లగా తగిలి పోయింది.

"ఇగ వెయ్యి" అన్నాడాయన.

వేసింది. వడ్డించింది. ఆయన రెండోసారి అన్నం అడిగి మరీ పెట్టించుకుని తిన్నాడు. ఉతికిన దుప్పటి మీద పడుకుని గురక పెట్టాడు. ఆ గురక వింటూ రాధమ్మ ఎంతో సేపు మేలుకుని, చెయ్యి తాకి చూసింది. వెచ్చగా ఉంది.

పొద్దున లేచి వాకిలి ఊడుద్దామని పోయి గడియ తీయబోతే, వేళ్ళకు ఏదో గుచ్చుకుంది. ఇంటికి పెట్టించిన కొత్త స్టీలు గడియ అది. గాలికి కదలదు, చప్పుడు చెయ్యదు. దాని సందులో ఒక చీపురు పుల్ల దోపి ఉంది.

రాధమ్మ ఆ పుల్ల తీసి కొంగున ముడేసుకుంది. ఇంట్లో ఎవరితోనూ ఆ మాట అనలేదు.

ఆ వారం ఎండ కాసినాక దర్వాజను కప్పులోంచి తీయించి, దాని చోట కొత్త చెక్కలు వేసి, శ్రీపాల్ తానే ఎక్కి, కింది అంచు నుంచి పైకి కొత్త పట్ట కొట్టాడు. ఆ వానకాలమంతా అది ఎక్కడా ఉబ్బలేదు, చుక్క దిగలేదు. సైదులు కనబడిన వాళ్ళకల్లా చూశారా నా మాట అని చెప్పుకున్నాడు. చెప్పుకోనిచ్చారు.

ఓ రోజు అంకిత చీపురు చేతిలో పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అత్తమ్మా, గీ చీపురు మొన్ననే తెచ్చినం గద. పుల్లలు ఎవరు తుంచుతున్నరు? సగం బోడిదైంది!"

బయట అరుగు మీద శ్రీపాల్ చాయ తాగుతున్నవాడు తాగడం ఆపాడు. రాధమ్మ కూర కలుపుతూనే ఉంది.

"ఇంకోటి తెచ్చుకుందాం తియ్యి బిడ్డా" అంది. "ఇంట్ల అందరు వచ్చినంకనే గడియ పడుతున్నది గద."